మందంగా ఉన్న పక్క

ఆవగింజ కన్నా ఇది కొంచెమే పెద్దది.
లోపల బోలు. గోడ వజ్రం.
గోడకు లోపలి వైపు మంచుపొరలా
గడ్డకట్టిన హైడ్రోజన్,
నీళ్లలో ఉండేదే, కాస్త బరువెక్కింది.

యేర్పేడు దాటాక ముళ్లకంపల మధ్య మా షెడ్డు.
బయట నలభై మూడు డిగ్రీలు.
ఈ గింజ చుట్టూ మాత్రం
సున్నాకి రెండువందల యాభై మెట్లు కింద చలి.

పన్నెండు లేజర్లు పన్నెండు వైపుల నుంచి కొట్టాలి.
రెప్పపాటును కోటి ముక్కలు చేస్తే
అందులో ఒక్క ముక్క మాకు గడువు.
గోడ పైపొర ఆవిరై బయటికెగురుతుంది,
ఆ తన్నుకు మిగతాది లోపలికి పరుగెత్తుతుంది:
రేణిగుంటలో బయల్దేరి
అర సెకనులో మద్రాసు చేరే పరుగు.
గుమ్మడికాయను ఎక్కడా నలగనీకుండా
శనగగింజ చెయ్యమన్నట్టు.

నలుగుతుంది.

ఏడు నెలలు, నలభై ఒక్క గింజలు.
ఎక్స్‌రే బొమ్మలో ప్రతిసారీ అదే,
గుండ్రంగా మొదలై చివరికి
ఒక పక్కకు జారిన గుడ్డుసొన.
వేడి పుట్టీ పుట్టకముందే కారిపోయేది.

నేను లెక్కల మనిషిని.
నా తెరమీద గింజ ఎప్పుడూ గుండ్రమే.
పన్నెండు కిరణాల్లో
వెయ్యికి ఒక వంతు తేడా రానివ్వను.
సమానం, ఇంకా సమానం అంటూ
రాత్రిళ్లు తూకాలు సరిచేస్తూ కూచున్నాను.
"ఇంతకన్నా సమానం దేవుడి దగ్గర గూడా దొరకదు సార్"
అన్నాడు అద్దాలు తుడిచే ధనంజయులు.
పొగడ్త అనుకున్నాను.

గింజలు చూసేది దేశమ్మ.
పాకాల దగ్గర శనక్కాయల మిల్లులో
పంతొమ్మిదేళ్లు విత్తనాలు ఏరిన మనిషి.
పుచ్చును కంటికన్నా ముందు వేలితో పట్టేది.
ఇప్పుడు మైక్రోస్కోపు కింద
వజ్రం గోడను తిప్పితిప్పి చూసి
రూళ్ల పుస్తకంలో రాస్తుంది,
గుంతలు ఇన్ని, గీతలు ఇన్ని,
చివరి గడిలో: మందం.

ఆ గడి నేనెప్పుడూ చదవలేదు.

నలభై రెండో గింజ నాడు మెస్సులో సంగటి.
ఆమె ఎదురుగా కూచుంది.
"ఇది గూడా వొగపక్క మందంగానే ఉండాది సార్."
ఎంత?
"వెంట్రుకను రెండొందల చీలికలు చేస్తే
వొగ చీలిక."
పారేద్దామా అన్నాను.

ఆమె జవాబివ్వలేదు. చెయ్యి తడుపుకుని
సంగటి తీసుకుంది.
"ముద్ద చేసేటప్పుడు అన్ని వేళ్లూ
వొగటే బరువు వేస్తాయా సార్?
దొడ్డుగుండే పక్క కొంచెం గట్టిగా ఆనిస్తాము,
పల్చగుండే పక్క ఊరికే తాకుతాము.
అప్పుడు గదా గుండ్రంగా వచ్చేది."

ముద్ద ఆమె అరచేతిలో తిరుగుతోంది.
నా చెట్నీ గిన్నె మీద ఈగ వాలింది.
ఏడు నెలలుగా నేను చేతుల్నే సరిచేశాను,
ముద్దను ఒక్కసారీ అడగలేదు.

ఆ రాత్రి పాత పుస్తకాలు దించాం.
నలభై ఒక్క వరసలు, చివరి గడి.
మందం ఎటుందో ఒక బాణం గీశాను,
బొమ్మ ఎటు జారిందో ఇంకొకటి.
రెండూ ఒకే గీత మీద పడ్డాయి,
ఒకటీ రెండూ కాదు, ముప్పై ఆరు సార్లు.

మందం వైపు, ఏడో లేజరుకు
నూటికి ఒక పాలు పెంచాను.
ఎదురుదానికి ఒక పాలు తగ్గించాను.
కావాలని హెచ్చుతగ్గులు రాయడం నాకిదే మొదలు.
వేలు కాసేపు మీట మీదే ఆగింది.

తెల్లారి నాలుగింటికి కాల్చాం.
కెపాసిటర్లు ఒకసారి మూలిగాయి, అంతే.
అవతల కొండ మీద ఒక్క పిట్ట కూడా లేవలేదు.
తెరమీద సొన నడిమికి వచ్చి నిలబడింది.
న్యూట్రాన్లు పదకొండింతలు.

అయినా, పోసిన కరెంటులో
పైసా వంతు తిరిగి రాలేదు.
దాంతో ఒక బుడ్డిదీపం కూడా వెలగదు.
ధనంజయులు మాత్రం టీలు తెచ్చాడు, అప్పు పెట్టి.

దేశమ్మ మొదటి బస్సుకు దిగింది.
చెప్పాను. తల ఊపింది.
చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని,
పుస్తకంలో కొత్త పేజీ తీసి నా వైపు తిప్పింది.

"నలభై మూడోది చూసినారా సార్?
దీనికి రెండు పక్కలా ఉండాది."